అమ్మమ్మకు తోడెవరు?



రాజోలులో రాత్రి తొమ్మిదైతే కువైట్‌లో సాయంత్రం ఆరున్నర. ఇంటిపని కోసం ఇచ్చే ఖద్దామా వీసా మీద వెళ్లిన మన ఆడపడుచుకి అది వంటింట్లో ఊపిరి సలపని వేళ. అయినా రెండు నిమిషాలు వీలు చేసుకుని ఇంటికి ఇమో కాల్ చేస్తుంది. తెర మీద ముందు కన్నతల్లి ముఖం కనిపిస్తుంది. "వీడు నా మాట వినట్లేదే అమ్మాయ్. ఇవాళ కూడా బడికి పోలేదు. పుస్తకం తియ్యరా అంటే కంచం విసిరికొట్టాడు. నా వల్ల కాదు, నువ్వొచ్చెయ్" అంటుంది ఆ పెద్దావిడ. తర్వాత ఫోన్ పిల్లాడి చేతికి వెళ్తుంది. అవతల నుంచి తల్లి ముందు తిడుతుంది, ఆ తర్వాత ఏడుస్తుంది, ఆఖరికి "బుద్ధిగా ఉంటే కొత్త ఫోన్ పంపుతా నాన్నా" అంటుంది. అంతలో లోపలి నుంచి పిలుపు వస్తుంది. కాల్ తెగిపోతుంది.

అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం, పి.గన్నవరం చుట్టుపక్కల ఉన్నవాళ్లకి ఈ సంభాషణ కొత్తేమీ కాదు. మన లంక గ్రామాల నుంచి, పేటల నుంచి కువైట్, మస్కట్, దుబాయ్, ఖతర్ వెళ్లి ఇళ్లల్లో పనిచేసే తల్లులు దశాబ్దాలుగా ఉన్నారు. వాళ్లు పంపిన డబ్బుతో తాటాకిళ్లు డాబాలయ్యాయి, అప్పులు తీరాయి, ఆడపిల్లలకు పెళ్లిళ్లయ్యాయి. ఆ త్యాగాన్ని తక్కువ చేసే మాట ఒక్కటి కూడా నా నోటి నుంచి రాదు. నా ఆలోచనంతా ఫోన్ పెట్టేశాక ఆ ఇంట్లో మిగిలిపోయిన ఇద్దరి గురించి. మాట వినని ఒక మనవడు, మోకాళ్ల నొప్పులతో ఒక అమ్మమ్మ.

పిల్లల్లో, ఎదిగే వయసు వాళ్లలో ఇలాంటి మొండితనం, దూకుడు, అబద్ధాలు, చిల్లర దొంగతనాలు, బడి ఎగ్గొట్టడం కనిపిస్తే ఏం చేయాలి? దీని మీద ప్రపంచంలో అరవై ఏళ్లుగా పరిశోధన సాగుతోంది. అందులో తేలినవి కొన్ని ఇవాళ మీతో పంచుకుంటాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా బడిపంతులుగా పనిచేశాను. ఎనిమిదో తరగతిలో ఒక పిల్లాడుండేవాడు. అప్పటిదాకా ఫరవాలేదు అనిపించుకున్నవాడే. ఉన్నట్టుండి తోటివాళ్లను కొట్టడం, పుస్తకాలు చింపడం మొదలుపెట్టాడు. ఒకరోజు పక్కవాడి తల బెంచీకేసి కొట్టాడు. నేను బెత్తం తీసి క్లాసందరి ముందూ కొట్టాను. "సిగ్గులేదురా?" అని కూడా అన్నాను. నాలుగు రోజులు బడికి రాలేదు. వచ్చాక ఇంకా ముదిరాడు. చాలా రోజుల తర్వాత వాళ్ల అమ్మమ్మ రేవు దగ్గర కనబడి చెప్పింది. వాళ్లమ్మ గల్ఫ్ వెళ్లిన రోజు వాడికి ఆ సంగతి చెప్పలేదట. ఏడుస్తాడని, పడుకున్నాక వ్యాన్ ఎక్కించారట. తెల్లారి లేచి అడిగితే "అమలాపురం వెళ్లింది, సాయంత్రం వచ్చేస్తుంది" అన్నారట. వాడు మూడు సాయంత్రాలు బస్టాపు దగ్గర నిలబడ్డాడట. నేను కొట్టింది ఆ తర్వాతి వారమే. ఆ బెత్తం దెబ్బలు ఇప్పటికీ నా చేతికే తగులుతూ ఉంటాయి.

అల్లరి చేసిన ప్రతి పిల్లాడికీ జబ్బు ఉందని నేననడం లేదు. మూడేళ్ల పిల్ల నేల మీద పడి దొర్లడం, పధ్నాలుగేళ్ల కుర్రాడు ఎదురు మాట్లాడటం పెరుగుదలలో భాగమే. న్యూజిలాండ్‌లో డ్యునెడిన్ అనే ఊళ్లో 1972–73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని ఇప్పటిదాకా గమనిస్తూ వస్తున్నారు. ఆ పరిశోధకుల్లో ఒకరైన టెర్రీ మాఫిట్ 1993లో ఒక తేడాను ఎత్తిచూపారు. కొందరు పసితనం నుంచే దూకుడుగా ఉంటారు, సాయం అందకపోతే అది పెద్దయ్యాక కూడా వెంటాడుతుంది. ఇంకా ఎక్కువమంది టీనేజీలో గాడి తప్పి, వయసు ముదిరాక తామే సర్దుకుంటారు. చూడవలసింది మూడు సంగతులు. ఎన్నాళ్ల నుంచి ఉంది, ఒక్క ఇంట్లోనేనా లేక బడిలోనూ వీధిలోనూ కూడానా, ఎవరికైనా దెబ్బలు తగిలేదాకా వెళ్తోందా. ఆరు నెలలుగా ఉంటే, రెండు మూడు చోట్ల కనిపిస్తే, వయసే తీరుస్తుందిలే అని కూర్చోకూడదు.

2015–16లో మన దేశంలో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. బెంగళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంలో చేశారు. అందులో భాగంగా కొన్ని రాష్ట్రాల్లో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్ని చూస్తే, 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. నలభై మంది ఉన్న తరగతిలో సుమారు ముగ్గురన్నమాట. నా తరగతిలోనూ ఆ ముగ్గురూ ఉండే ఉంటారు. నేను వాళ్లను వెనక బెంచీలో కూర్చోబెట్టి ఉంటాను.

ఇక తల్లిదండ్రులు పొట్టకూటికి దూరం వెళ్తే వెనక మిగిలిన పిల్లల సంగతి. 2018లో లాన్సెట్ వైద్య పత్రిక 111 అధ్యయనాలను కలిపి చేసిన ఒక సమీక్షను ప్రచురించింది. మొత్తం 2 లక్షల 64 వేల మందికి పైగా పిల్లలు. చాలా భాగం చైనాలో జరిగినవే. తల్లో తండ్రో వలస వెళ్లిన పిల్లల్లో కుంగుబాటు, ఆందోళన, చనిపోవాలన్న ఆలోచనలు, మత్తు అలవాట్లు, ప్రవర్తన సమస్యలు మిగతావాళ్లకంటే ఎక్కువగా కనిపించాయి. డబ్బు వచ్చింది కాబట్టి పిల్లల ఆరోగ్యం మెరుగుపడిందా అని కూడా వెతికారు. అలాంటి మేలు దేనిలోనూ కనబడలేదు. ఈ ఫలితం తల్లుల్ని దోషులుగా నిలబెట్టడానికి కాదు. దుఃఖమే కొందరు పిల్లల్లో కోపంగా బయటపడుతుందని మనం గుర్తించడానికి. కన్నీళ్లు పెట్టుకునే పిల్లని అందరూ దగ్గరికి తీసుకుంటారు, కంచం విసిరే పిల్లాడిని ఎవరూ తీసుకోరు.

సరే, కంచం విసిరే పిల్లాడిని ఎలా మార్చాలి?

దీనికి జవాబు వెతికినవాళ్లలో పెద్దపేరు అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన జెరాల్డ్ ప్యాటర్సన్. ఆయనా, ఆయన సహచరులూ 1960ల నుంచి యూజీన్ అనే ఊళ్లో ఇళ్లకు వెళ్లి కూర్చున్నారు. పిల్లాడు ఏమన్నాడు, తల్లి ఏమంది, దానికి వాడేం చేశాడు, ఆవిడేం చేసింది, ఒక్కో క్షణాన్నీ కాగితం మీద రాసుకున్నారు. అలా ఏళ్ల తరబడి రాశాక ఒక వలయం కళ్లకు కట్టింది. 1982లో దాన్ని పుస్తకంగా తెచ్చారు.

ఆ వలయాన్ని మన ఇంట్లోకి తీసుకొచ్చి చెబుతాను. రాత్రి ఎనిమిదిన్నర. పిల్లాడు ఫోన్ చూస్తున్నాడు. అమ్మమ్మ "చాలు, అన్నానికి రా" అంటుంది. వాడు పలకడు. గొంతు పెంచి మళ్లీ అంటుంది. వాడు "ఉండు" అని విసుక్కుంటాడు. ఆవిడ ఫోన్ లాక్కోబోతుంది. వాడు అరుస్తాడు, కాలితో తలుపు తంతాడు. ఇరుగుపొరుగు వింటారేమోనని ఆవిడకి భయం, పైగా బీపీ. "నీ ఖర్మ, చూసుకో" అని వదిలేస్తుంది. అంతే, ఇల్లు నిశ్శబ్దమైపోతుంది.

ఇప్పుడు ఆలోచించండి. పిల్లాడు ఏం నేర్చుకున్నాడు? మామూలుగా అడిగితే దొరకనిది తలుపు తంతే దొరుకుతుందని నేర్చుకున్నాడు. అమ్మమ్మ ఏం నేర్చుకుంది? లొంగిపోతే ప్రాణం హాయిగా ఉంటుందని నేర్చుకుంది. ఇద్దరికీ ఆ క్షణంలో ఊరట దొరికింది, అందుకే రేపు కూడా అదే జరుగుతుంది. ఎల్లుండి తలుపు ఒక్కటే సరిపోదు, కంచం లేస్తుంది. ఇంకో రోజు ఆవిడకి ఓపిక నశించి చీపురు తిరగేసి నాలుగు వాయిస్తుంది. అప్పుడు వాడు ఊరుకుంటాడు. దాంతో ఆవిడ ఇంకొకటి నేర్చుకుంటుంది, కొడితేనే వింటాడని. ఇలా ఒకరికొకరు తెలియకుండానే పాఠాలు చెప్పుకుంటూ పోతారు. ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కారు. పిల్లాడిలో దయ్యమూ లేదు, అమ్మమ్మ గారాబమే మొత్తం కారణమూ కాదు. తాయెత్తు కట్టించినా, మొక్కు మొక్కినా, ఈ వలయం మాత్రం అలాగే తిరుగుతుంటుంది.

ప్యాటర్సన్ బృందం, ఆ తర్వాత వచ్చిన ఎందరో, దీన్నుంచి ఒక నిర్ణయానికి వచ్చారు. పన్నెండేళ్ల లోపు పిల్లల విషయంలో ముందుగా, ఎక్కువగా నేర్పవలసింది వాళ్లను పెంచే పెద్దలకి. పిల్లాడిని గదిలో కూర్చోబెట్టి వారానికి గంట నీతులు చెప్పడం కంటే, రోజంతా వాడితో ఉండే మనిషికి మెలకువలు నేర్పితే ఫలితం ఎక్కువ. ఇంగ్లండ్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2013లో ఇదే చెప్పింది. 3 నుంచి 11 ఏళ్ల పిల్లల ప్రవర్తన సమస్యలకు మొదటి చికిత్స తల్లిదండ్రుల శిక్షణ. పదిమంది తల్లుల్ని ఒకచోట కూర్చోబెట్టి 10 నుంచి 16 వారాలు, వారానికి గంటన్నరో రెండు గంటలో.

ఆ శిక్షణలో ఏం నేర్పుతారు? వింటే "ఇంతేనా" అనిపిస్తుంది. చేస్తే తెలుస్తుంది ఎంత కష్టమో.

మొట్టమొదట నేర్పేది ఆంక్షలు కాదు, ఆట. రోజూ పది పదిహేను నిమిషాలు పిల్లాడు ఎంచుకున్న పని వాడితో కలిసి చేయడం. వాడు కొబ్బరాకు బూర చేస్తుంటే పక్కన కూర్చుని తనకీ ఒకటి చేసిపెట్టమనడం. ఆ కాసేపూ ప్రశ్నలొద్దు, సలహాలొద్దు, మార్కుల ఊసొద్దు. తిట్లతో నిండిపోయిన ఇంట్లో మళ్లీ కాస్త చెలిమి మొలిస్తేనే మిగతావి పనిచేస్తాయి.

రెండోది మెచ్చుకోలు. మన దగ్గర ఇది చాలా కష్టం. ముఖం మీద పొగిడితే దిష్టి తగులుతుందని, నెత్తికెక్కుతారని మనవాళ్ల నమ్మకం. పిల్లాడు గంటసేపు బుద్ధిగా ఉంటే ఎవరూ పలకరించరు, కుదురుగా ఉన్నాడు కదా అని పని చూసుకుంటాం. ఒక్క గ్లాసు పగలగొడితే ఇల్లంతా వాడి చుట్టూ చేరుతుంది. మనిషి పలకరింపుకి మొహం వాచిన పిల్లాడు దేన్ని ఎంచుకుంటాడు? అందుకని మంచి పని కనబడగానే, అక్కడికక్కడే, ఏం బాగుందో పేరు పెట్టి చెప్పాలి. "మంచివాడివిరా" అంటే వాడికి ఏమీ అర్థం కాదు. "చెప్పగానే లేచి కాళ్లు కడుక్కుని వచ్చావు, నాకు ఎంత సాయమైందో" అంటే అర్థమవుతుంది. దిష్టి భయం ఉంటే సాయంత్రం ఉప్పు తిప్పి పారేయండి, మెచ్చుకోవడం మాత్రం మానకండి.

మూడోది ఆజ్ఞ. దూరం నుంచి ఇరవైసార్లు అరవడం కంటే దగ్గరికి వెళ్లి, కళ్లలోకి చూసి, ఒక్క పని, ఒక్కసారి, మామూలు గొంతుతో చెప్పడం. వినకపోతే ఏం జరుగుతుందో ముందే చెప్పడం, చెప్పింది చేయడం. ఆ శిక్ష చిన్నదై ఉండాలి, ఆ రోజే అయిపోవాలి. సాయంత్రం అరగంట ఫోన్ ఉండదు అంటే ఉండకూడదు. "నెలరోజులు ఫోన్ ముట్టుకోనివ్వను" అని గర్జించి రెండో గంటకే ఇచ్చేస్తే మన మాట విలువ మనమే పోగొట్టుకున్నవాళ్లం అవుతాం.

చిన్న చిన్న సణుగుడు, మూతి ముడుపు పట్టించుకోకుండా వదిలేయడం కూడా నేర్పుతారు. ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. లొంగడం మానేసిన మొదటి రోజుల్లో పిల్లాడి గొడవ తగ్గదు సరికదా, పెరుగుతుంది. నిన్నటిదాకా పనిచేసిన ఆయుధం ఇవాళ పనిచేయకపోతే ఎవరైనా ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తారు కదా. చాలామంది పెద్దలు సరిగ్గా ఇక్కడే "ఇవన్నీ మన పిల్లలకి పనిచేయవండీ" అని వదిలేస్తారు. ఇంకో వారం నిలబడితే కెరటం దిగుతుంది. ఆ వారం అమ్మమ్మ ఒక్కతే నిలబడలేదు. పక్కన ఒక మనిషి ఉండాలి.

తెల్లవాళ్ల దేశాల్లో పుట్టిన పద్ధతులు మనకి పనికొస్తాయా అని మీకు అనుమానం రావచ్చు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సిస్ గార్డ్‌నర్ బృందం 2016లో సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకుంది. ఒక దేశంలో పుట్టిన శిక్షణను మరో దేశానికి తీసుకెళ్లి పరీక్షించిన అధ్యయనాలన్నీ పోగేసి చూసింది. పుట్టినచోట ఎంత పనిచేశాయో, వెళ్లినచోట కూడా అంత పనిచేశాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల్ని పెంచేవాళ్లకు ఇలాంటి శిక్షణ అన్ని దేశాల్లోనూ అందుబాటులో ఉండాలని మార్గదర్శకాలు ఇచ్చింది. అందరు పిల్లలూ మారిపోతారని ఎవరూ చెప్పడం లేదు. కొందరు మధ్యలోనే మానేస్తారు, కొందరిలో మార్పు స్వల్పమే. అయినా మన చేతిలో ఉన్నవాటిలో ఇంత గట్టి రుజువున్న దారి మరొకటి లేదు.

ఇక దెబ్బల మాట. కొట్టగానే పిల్లాడు ఊరుకుంటాడు, నిజమే. ఆ ఊరుకోవడమే మనల్ని మోసం చేస్తుంది. 2016లో ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్ కేలర్ అనే ఇద్దరు పరిశోధకులు 75 అధ్యయనాలు, లక్షా 60 వేల మంది పిల్లల సమాచారం కలిపి చూశారు. దెబ్బలు తిన్న పిల్లల్లో దూకుడు, తల్లిదండ్రులతో చెడిన సంబంధాలు, మానసిక ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. ఏ మంచి ఫలితమూ దెబ్బలతో ముడిపడి కనబడలేదు. మన కేంద్ర ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో చేయించి 2007లో వెలువరించిన అధ్యయనంలో బడికెళ్లే ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు బడిలో దెబ్బలు తిన్నామని చెప్పారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని, మాటలతో హింసించడాన్ని నిషేధించింది. తెలుగులో ఈ సంగతి ఎప్పుడో చెప్పినవారు చలం. బడుల ఇన్‌స్పెక్టరుగా తిరిగి, పిల్లల్ని దగ్గరగా చూసి "బిడ్డల శిక్షణ" రాశారు. ఆయన మిగతా రచనల మీద జరిగిన చర్చలో పదో వంతు కూడా ఆ పుస్తకం మీద మన ఇళ్లలో జరగకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

కొట్టడం కుదరనప్పుడు మనవాళ్లు రెండు దారులు చూస్తారు. ఒకటి భయపెట్టడం. తెలిసిన కానిస్టేబుల్‌తో చెప్పి పోలీస్ స్టేషన్‌లో కాసేపు కూర్చోబెట్టించడం. అమెరికాలో 1970లలో దీన్నే పెద్దఎత్తున చేశారు. న్యూజెర్సీలోని రావే జైలుకు కుర్రాళ్లను తీసుకెళ్లి, జీవిత ఖైదీల చేత బెదిరింపజేశారు. దాని మీద తీసిన చిత్రానికి ఆస్కార్ కూడా వచ్చింది. తర్వాత ఆంథొనీ పెట్రోసినో బృందం ఇలాంటి కార్యక్రమాల మీద శాస్త్రీయంగా జరిగిన పరీక్షలు కూడగట్టి చూసింది. జైలు చూసివచ్చిన పిల్లలు చూడనివాళ్లకంటే ఎక్కువ నేరాలు చేశారు. ఏమీ చేయకుండా ఊరుకున్నా అంతకంటే మేలు జరిగేది.

రెండో దారి హాస్టల్. "నాలుగు దెబ్బలేసే చోట పడేస్తే దారికొస్తాడు" అంటారు. దీని గురించి ఒక పాత కథ చెప్పాలి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో 1939లో 506 మంది మగపిల్లలతో ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. సగంమందికి ఐదేళ్లకు పైగా సలహాదారులు, చదువులో సాయం, వైద్యం, వేసవి శిబిరాలు. మిగతా సగానికి ఏమీ లేదు. సాయం అందుకున్నవాళ్లలో చాలామంది దాన్ని మెచ్చుకున్నారు. ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లలో దాదాపు అందర్నీ వెతికి పట్టుకుని ఆరా తీశారు. 1978లో ఫలితం ప్రకటించారు. సాయం అందినవాళ్లే తాగుడులో, మళ్లీ మళ్లీ నేరం చేయడంలో, తొందరగా చనిపోవడంలో ముందున్నారు. కారణం వెతగ్గా వెతగ్గా, ఒకటికంటే ఎక్కువసార్లు వేసవి శిబిరాలకు వెళ్లినవాళ్లలో చెడు ఎక్కువగా కనిపించింది. 1999లో థామస్ డిషియన్, మెక్‌కార్డ్, ఫ్రాంస్వా పూలాన్ కలిసి దీన్ని వివరించారు. దారి తప్పుతున్న కుర్రాళ్లను ఒకచోట చేరిస్తే, ఒకడు చేసిన వెధవ పనికి ఇంకొకడి నవ్వే బహుమతి అవుతుంది. చదువు కోసం హాస్టల్‌కి పంపడం వేరు. ప్రవర్తన బాగుచేయడానికి పంపితే, ఇంట్లో నేర్చుకోనివి అక్కడ నేర్చుకుంటాడు.

పదమూడు పద్నాలుగు దాటినవాళ్లకి పెద్దల శిక్షణ ఒక్కటే చాలదు. ఇంట్లో, బడిలో, స్నేహితుల మధ్య, అన్నిచోట్లా కలిపి పనిచేయాలి. ఎక్కడికి వెళ్తున్నావు, ఎవరితో, ఎప్పుడొస్తావు అన్న మూడు ప్రశ్నలు గొడవ లేకుండా అడగగలిగే ఇల్లు కావాలి. వాళ్లతో నేరుగా మాట్లాడే మనిషీ కావాలి. ఆ మనిషి పెద్ద డాక్టరే కానక్కర్లేదని మన దేశంలోనే రుజువైంది. ఢిల్లీలో ఆరు ప్రభుత్వ పాఠశాలల్లో 251 మంది విద్యార్థులతో గోవాకు చెందిన సంగత్ సంస్థ పరిశోధకులు చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. కొద్దిపాటి శిక్షణ పొందిన మామూలు డిగ్రీ చదివినవాళ్లు బొమ్మల పుస్తకాలు పట్టుకుని కొద్ది వారాల్లో నాలుగైదు సార్లు మాట్లాడారు. సమస్య ఏమిటి, ఉన్న దారులేమిటి, ఏది ముందు ప్రయత్నిద్దాం, అంతే. పిల్లలు తామే ముఖ్యమని చెప్పిన సమస్యల తీవ్రత తగ్గింది. మానసిక లక్షణాలన్నిటిలోనూ మాత్రం ఆరు వారాల్లో స్పష్టమైన తేడా రాలేదు.

బీహార్‌లో నలంద జిల్లాలో 74 ఉన్నత పాఠశాలల్లో జరిగిన మరో అధ్యయనం 2018లో వచ్చింది. పంతులుగా నన్ను ఎక్కువ కదిలించింది ఇదే. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో ఉపాధ్యాయుల చేత, కొన్నిటిలో బయటి నుంచి నియమించిన సామాన్య కౌన్సెలర్ల చేత నడిపించారు. కౌన్సెలర్లున్న బడుల్లో వేధింపులు, కొట్లాటలు, కుంగుబాటు బాగా తగ్గాయి, బడి వాతావరణమే మారింది. ఉపాధ్యాయులు నడిపినచోట తేడా రాలేదు. మాకు ప్రేమ లేక కాదు. సిలబస్, పరీక్షలు, హాజరు పట్టీల మధ్య ఒక పిల్లాడి పక్కన అరగంట కూర్చునే తీరిక మాకు లేదు. పైగా మార్కులేసే మనిషికి పిల్లలు మనసు విప్పరు. ప్రతి ఉన్నత పాఠశాలకీ ఒక కౌన్సెలర్ కావాలని అడగడానికి ఇంతకంటే బలమైన ఆధారం నాకు తెలియదు.

ప్రవర్తన వెనక ఇంకేదైనా దాగుందేమో కూడా చూడాలి. సరిగా వినబడని పిల్లాడు మాట వినడు. అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టమైన పిల్ల పుస్తకం తీయమంటే అరుస్తుంది. ఒళ్లు ముట్టుకోనివ్వని, ఒక బంధువు వస్తే దాక్కునే పిల్ల మీద ఏదో ఘోరం జరుగుతుండవచ్చు. కుదురు లేకపోవడం, దృష్టి నిలవకపోవడం ఏడీహెచ్‌డీ అనే సమస్య కావచ్చు. దానికి మందులున్నాయి, పనిచేస్తాయి. 1999లో అమెరికాలో 579 మంది పిల్లలతో జరిగిన పెద్ద అధ్యయనంలో, జాగ్రత్తగా చూసుకుంటూ ఇచ్చిన మందులు ఆ లక్షణాలను బాగా తగ్గించాయి. మందులకు పెద్దల శిక్షణ తోడైతే తక్కువ మోతాదే సరిపోయింది. ఉత్త మొండితనానికి, ఎదురు తిరగడానికి మాత్రం మామూలుగా మందులు వాడకూడదని నైస్ స్పష్టంగా చెప్పింది. పిల్లాడు నిద్రపోవడానికి ఏదైనా బిళ్ల ఇవ్వమని మెడికల్ షాపులో అడగడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

మళ్లీ మన అమ్మమ్మ దగ్గరికి వస్తాను. ఈ పరిశోధనంతా చెబుతున్నది ఆవిడకి నేర్పమని. నేర్పేదెవరు? అమలాపురంలో వైద్య కళాశాల ఉంది, కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రి ఉంది. సఖినేటిపల్లి నుంచో, లంకల్లోంచి పడవ దాటో ఆవిడ పది వారాలు వరసగా అక్కడికి వెళ్లగలదా? మన డ్వాక్రా సంఘాలు మాత్రం ప్రతి పేటలోనూ ఉన్నాయి. అంగన్‌వాడీ ఉంది, ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరుగుతూనే ఉంది. 2022 ఏప్రిల్‌లో మనకు సొంత జిల్లా ఏర్పడింది, కలెక్టరేట్ అమలాపురంలోనే ఉంది. గల్ఫ్ వెళ్లిన తల్లుల పిల్లలు ఏ ఊళ్లో ఎంతమంది, ఎవరి దగ్గర పెరుగుతున్నారో లెక్క తీసి, వాళ్లను పెంచే అమ్మమ్మలను, మామ్మలను, పిన్నులను పదేసిమంది చొప్పున కూర్చోబెట్టి ఈ మెలకువలు నేర్పమని జిల్లా అధికారులను ఈ మైకు ముందు నుంచి చేతులు జోడించి అడుగుతున్నాను. పేరు నమోదు చేసుకోవడానికి వచ్చిన అమ్మమ్మకి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావమ్మా" అని మొదలుపెట్టండి.

కువైట్లో, మస్కట్లో ఉండి ఈ మాటలు ఫోన్లో వింటున్న తల్లులు ఎవరైనా ఉంటే, మీతోనూ రెండు మాటలు. వెళ్లే రోజు పిల్లలకు చెప్పకుండా వెళ్లకండమ్మా. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడు వస్తారో చెప్పండి, ఏడిస్తే ఏడవనివ్వండి. ఫోన్ చేసినప్పుడు మొదటి నిమిషం ఫిర్యాదులకి ఇవ్వకండి. ఇవాళ ఏం తిన్నాడు, ఎవరితో ఆడాడు, కుక్కపిల్ల ఎలా ఉంది, అది అడగండి. వారంలో రోజూ కుదరకపోతే కుదిరే రోజు ఒకటి చెప్పి, ఆ రోజు తప్పకండి. కొత్త ఫోన్ పంపే బదులు, మీ అమ్మ చెప్పిన కట్టుబాటు మీ మాట కూడా అని వాడికి చెప్పండి. పిల్లాడి ముందు మీ అమ్మని తప్పు పట్టకండి.

ఇంట్లో పిల్లాడో పిల్లో చేయి దాటిపోతున్నారని దిగులుపడుతున్న పెద్దలు ఇంకొకరు చెప్పేదాకా ఆగనక్కర్లేదు. చచ్చిపోతానన్న మాట పిల్లల నోట ఒక్కసారి వినబడినా ఆ క్షణమే పిలవండి. ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు. 14416. డబ్బులు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లల మీద హింస జరుగుతోందని తెలిస్తే ఒకటి సున్నా తొమ్మిది ఎనిమిది. 1098. ఈ రెండు నంబర్లూ బొగ్గుతోనైనా సరే, అమ్మమ్మకి కనబడేంత పెద్ద అంకెలతో వంటింటి గోడ మీద రాసిపెట్టండి.